మూడేళ్ల బాబు, పది నెలల పాప, సాయంత్రం ఆరు గంటలు

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. మూడేళ్ల బాబు, పది నెలల పాప, రోజంతా వాళ్లతో మీరొక్కరే. బాబు పిలిస్తే స్నానానికి రాడు, బట్టలు వేసుకోడు, భోజనానికి గంటసేపు తిప్పిస్తాడు, చెల్లి చేతిలో ఏది ఉంటే అదే కావాలంటాడు, పోయిన వారం ఆమె చేయి కొరికాడు. మీవారు ఏడు దాటాక ఇల్లు చేరతారు. ఆరయ్యేసరికి మీ ఓపిక అయిపోతుంది, అరుస్తారు. రాత్రి నిద్రపోతున్న వాడి ముఖం చూసి ఏడుస్తారు. చివర్లో రెండు ప్రశ్నలు అడిగారు: నేను చెడ్డ తల్లినా? ఇది ఎప్పటికి తేలికపడుతుంది?

రెండోది చిన్నది, ముందు చెప్పేస్తాను. నాలుగేళ్లు వచ్చేసరికి బాబులో తేడా మీకే తెలుస్తుంది. మాటలు పెరుగుతాయి, కాస్త ఆగడం వస్తుంది, తనంతట తాను ఆటలో మునిగిపోయే సమయం పెరుగుతుంది. అయితే అప్పటికి పాపకు రెండేళ్లు దగ్గర పడతాయి, పేచీల వంతు ఆమెది అవుతుంది. కాబట్టి ఇంకో రెండేళ్లు మీ ఇల్లు సందడిగానే ఉంటుంది. లేనిపోని మాటలు చెప్పి ఊరడించడం నాకు చేతకాదు.

మొదటిదానికి కొంచెం వెనక్కు వెళ్లాలి. నేను పసిపిల్లల బడిలో 27 ఏళ్లు పనిచేశాను. అంతా ఐదేళ్లలోపు పిల్లలే. "మీకు భూదేవంత ఓర్పు" అని తల్లిదండ్రులు అంటుంటే మురిసిపోయేదాన్ని. అదే మనిషిని ఇంటికి వచ్చాక, ఇద్దరు సొంత పిల్లల మధ్య నలిగి, స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని నేలమీద ఐదు నిమిషాలు కూర్చున్న రోజులు ఉన్నాయి. అది నా గుణంలో లోపమని చాలాకాలం అనుకున్నాను. ఆలోచిస్తే తేడా గుణంలో లేదు. బడిలో నా పక్కన ఆయా ఉండేది, మరో టీచరు ఉండేది. ఒక పిల్లవాడి దగ్గర విసుగొస్తే కంటితో సైగ చేస్తే చాలు, ఇంకొకరు అందుకునేవారు. నాలుగింటికి పిల్లలందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయేవారు. ఇంట్లో పిల్లలు ఎవరి ఇంటికి వెళతారు? ఓపిక బావిలో నీరు లాంటిది. పొద్దుటినుంచి తోడుతూనే ఉంటే సాయంత్రానికి బురద తగులుతుంది. అందులో బావి తప్పు లేదు, ఊరడానికి వ్యవధి లేకపోవడమే కారణం.

ఇక్కడ ఒక పరిశోధన సంగతి చెబుతాను. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో చేసిన ప్రయోగం ఒకటి ఉంది. తల్లి కాసేపు బిడ్డతో మామూలుగా ఆడుతుంది, ఆ తర్వాత కొద్ది నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా చూస్తూ ఉంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేక వేస్తుంది, చివరికి ముఖం తిప్పేసుకుని ఏడుస్తుంది. దీన్ని తరచుగా తల్లులను భయపెట్టడానికే చెబుతుంటారు. అదే పరిశోధకుల మరో పరిశీలనను మాత్రం ఎవరూ తలుచుకోరు. ఏ సమస్యా లేని తల్లీబిడ్డల ఆటను క్షణం క్షణం గమనించి చూస్తే, ఇద్దరి తాళం సరిగ్గా కలిసేది సుమారు 30 శాతం సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్లీ దొరకబుచ్చుకోవడం. బిడ్డ నేర్చుకునేది ఆ దొరకబుచ్చుకోవడంలోనే. "అమ్మ నాకు అందకుండా పోతుంది, మళ్లీ వస్తుంది" అన్న నమ్మకం అలాగే ఏర్పడుతుంది. ఆంగ్ల శిశువైద్యుడు డొనాల్డ్ వినికాట్ 1950లలోనే, బిడ్డకు కావలసింది లోపమెరుగని తల్లి కాదు, సరిపడా మంచి తల్లి అన్నారు. మీరు అరిచారన్నది ఒక సంగతి, అరిచాక ఏం జరిగిందన్నది ఇంకో సంగతి. మీ ఉత్తరంలో ఆ రెండోది కనిపించలేదు. మీరు రాత్రి ఏడ్చారు, అది వాడికి తెలియదు. వాడికి తెలిసేలా చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంది.

అరిచిన పది నిమిషాలకో, గంటకో, ఇద్దరూ చల్లబడ్డాక, వాడి ఎత్తుకు కిందికి కూర్చుని చెప్పండి. "అమ్మ గట్టిగా అరిచింది. నీకు భయం వేసింది కదా. అలా అరవకూడదు. అమ్మకు కోపం వచ్చింది, అయినా నువ్వంటే ఇష్టమే. చెల్లిని మాత్రం కొరకకూడదు." అంతే, నాలుగైదు చిన్న వాక్యాలు. ఇందులో ఒక మాట చేరకుండా చూసుకోవాలి: "నువ్వు అలా చేశావు కాబట్టే అరిచాను." ఆ 'కాబట్టి' వచ్చిందంటే క్షమాపణ కాస్తా ఫిర్యాదు అవుతుంది, అమ్మ కోపానికి తానే బాధ్యుడినని మూడేళ్లవాడు మోసుకు తిరుగుతాడు. మా పెద్దవాడికి మొదటిసారి ఇలా చెప్పినప్పుడు నా మాట పూర్తిగా వినకుండానే "అమ్మా, నీ ముక్కు మీద చుక్క ఉంది" అని వేలితో పొడిచి వెళ్లిపోయాడు. చెప్పింది తలకెక్కలేదు అనుకున్నాను. రెండు వారాల తర్వాత తన బొమ్మ కుక్కను నేలకేసి కొట్టి, దాన్ని ఒళ్లో పెట్టుకుని, "నేను గట్టిగా అరిచాను, భయం వేసిందా?" అని అడుగుతుంటే పక్కగదిలోంచి విన్నాను.

ఇక పేచీల విషయం. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలకు కావాలనే కోరిక మనంత ఉంటుంది, ఆ కోరికను ఆపుకునే శక్తి మాత్రం ఇంకా మొలకే. కోపాన్ని అదుపుచేసే పని మెదడు ముందు భాగానిది. అది పూర్తిగా పండడానికి ఇరవైల మధ్య దాకా పడుతుందని వైద్యులు చెబుతారు. అంటే వాడు "వినడం లేదు" అని మనం అనుకునేదాంట్లో సగం "వినలేకపోతున్నాడు." మంకుపట్టు అని పేరు పెట్టేముందు మూడు సంగతులు చూసుకోండి: తిని ఎంతసేపైంది, నిద్ర ఎంతైంది, చేస్తున్న పనిలోంచి ఎంత హఠాత్తుగా లాగాం. నా అనుభవంలో బడిలో చూసిన పెద్ద ఏడుపుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒక గుమ్మం దగ్గరే మొదలయ్యేవి.

ఏడుపు మొదలైపోయాక మాట్లాడకండి. నేను చేసిన పెద్ద తప్పు అదే, టీచరును కదా, నాకు ఉపన్యాసం వచ్చేది. నేల మీద దొర్లుతున్న పిల్లవాడికి కారణాలు వివరించడం వరదలో ఈత పాఠం చెప్పడమే. పక్కన కింద కూర్చోండి, తల గోడకో మంచానికో తగలకుండా చూడండి, రానిస్తే దగ్గరకు తీసుకోండి, రానివ్వకపోతే చేయి చాపినంత దూరంలో ఉండండి. "ఇక్కడే ఉన్నాను" అన్నది చాలు. చాలా పేచీలు ఐదు నిమిషాల్లోపే సద్దుమణుగుతాయి. మనకు అవి అరగంటలా అనిపిస్తాయి, ఒకసారి గడియారం చూడండి. మొదట కోపం ఉంటుంది: తన్నడం, విసరడం, కేకలు. అది దిగిపోయి వెక్కిళ్లు మొదలయ్యాయంటే లోపల మిగిలింది దుఃఖం. అప్పుడు దగ్గరకు వస్తాడు. ఆ వెక్కిళ్ల సమయంలో "ఇప్పుడు తెలిసిందా?" అని మొదలుపెడితే కోపం మళ్లీ లేస్తుంది. ఏ వస్తువు కోసం ఏడ్చాడో దాన్ని మాత్రం ఇవ్వకండి. ఓదార్చడం వేరు, లొంగిపోవడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకుని ఓదార్పు కూడా మానేసే తల్లిదండ్రులను చాలామందిని చూశాను.

ఏడుపు రాకముందు చేయగలిగింది ఎక్కువ. మన భాషలోనే ఒక చిక్కు ఉంది, ఎప్పుడైనా గమనించారా? "స్నానం చేద్దామా?" అంటాం. అది అడగడం. అడిగితే వాడు నిజాయితీగా జవాబు చెబుతాడు: "వద్దు." అప్పుడు మనకు కోపం. వద్దనే హక్కు లేనిచోట ప్రశ్న వేయకూడదు. "ఇప్పుడు స్నానం. బాతుబొమ్మను తెచ్చుకుంటావా, పడవను తెచ్చుకుంటావా?" అనండి. పని ఖాయం, ఎంపిక వాడిది. చొక్కాలు రెండు చూపించండి, ఐదు కాదు. "ఇంకో ఐదు నిమిషాల్లో వెళదాం" అన్నది మూడేళ్ల చెవికి శబ్దం మాత్రమే. వాడికి నిమిషం అంటే ఏమిటో తెలియదు. "ఇంకో రెండుసార్లు బండి తిప్పు, తర్వాత చెప్పులు" అంటే తెలుస్తుంది. ఆ రెండుసార్లూ నిజంగా లెక్కపెట్టండి, మూడోది ఇవ్వకండి.

కొరకడం మీకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించినట్టుంది. ఒక్కసారి వాడివైపు నుంచి చూడండి. పది నెలల క్రితం దాకా ఇల్లంతా వాడిదే. ఒక మనిషి వచ్చింది, మొదట్లో పడుకునే ఉండేది, పరవాలేదు. ఇప్పుడు పాకుతోంది, వాడు కట్టిన బ్లాకుల మేడను కూలుస్తోంది, పైగా అందరూ చూసి నవ్వుతున్నారు. చెల్లి పుట్టినప్పటి కంటే చెల్లి పాకడం మొదలుపెట్టాకే పెద్ద పిల్లల అసూయ బయటపడటం నేను ఎక్కువగా చూశాను. అలాంటప్పుడు "నువ్వు పెద్దవాడివి కదా" అన్న మాట వాడికి పుండు మీద కారమే. వాడు పెద్దవాడు కాదు, మూడేళ్లవాడు. ఆ మాట ఒక నెలపాటు ఇంట్లో ఎవరి నోటా రాకుండా చూడండి.

కొరికితే ముందు పాపను ఎత్తుకోండి, చర్మం తెగిందేమో చూడండి. తెగితే సబ్బు నీళ్లతో కడిగి డాక్టరుకు చూపించాలి. వాడితో ఒక్క వాక్యం: "కొరికితే నొప్పి. కొరకనివ్వను." వాడికి నొప్పి తెలియాలని తిరిగి కొరకడం, కొట్టడం వద్దు. కొట్టి 'కొట్టకూడదు' అని నేర్పడం ఎవరికీ సాధ్యం కాలేదు. వాళ్లిద్దరినీ కొద్ది నిమిషాలు కూడా ఒకే గదిలో ఒంటరిగా వదలకండి. వాడు చెడ్డవాడని కాదు, చేతి విసురు ఎంత బలంగా పడుతుందో ఆ వయసుకు తెలియదు.

అసలు మందు ఇక్కడ ఉంది: రోజుకు పది నిమిషాలు వాడితోనే, పాప నిద్రలో ఉన్నప్పుడు. దానికి ఒక పేరు పెట్టండి, వాడినే పెట్టమనండి. ఆ పది నిమిషాలూ ఆట వాడు నడిపిస్తాడు, వాడు చెప్పింది మీరు చేస్తారు. రంగుల పేర్లు అడగకూడదు, లెక్కలు నేర్పకూడదు, ఫోను ఇంకో గదిలో ఉండాలి. మరో చిన్న ఉపాయం, నా సహోద్యోగిని దగ్గర నేర్చుకున్నాను. రోజంతా వాడు వినేది "ఆగు, చెల్లి పాలు తాగుతోంది", "ష్, చెల్లి పడుకుంది" అనే. అప్పుడప్పుడు పాపతో, వాడికి వినపడేలా, "పాపా, కాస్త ఆగు, అన్నయ్య బూటు కడుతున్నాను" అనండి. పాపకు ఏమీ అర్థం కాదు, పాలు రెండు క్షణాలు ఆలస్యమైనా ఏమీ కాదు. వాడి ముఖం మాత్రం చూడండి.

బొమ్మలు పంచుకోవడం ఈ వయసుకు బరువైన పాఠం. పిల్లల ఆటను పరిశీలించి మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో వర్ణించిన క్రమం ఇప్పటికీ పనికొస్తుంది: మొదట ఒంటరిగా ఆడతారు, తర్వాత ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు, నిజంగా కలిసి ఆడటం ఆ తర్వాతే. వాడికంటూ ఒక పెట్టె ఇవ్వండి, పాపకు అందని ఎత్తులో. అందులోవి పంచుకోనక్కరలేదు. పంచుకోనక్కరలేనివి కొన్ని ఉన్న పిల్లవాడే మిగతావి పంచుకుంటాడు.

భోజనం. ఇక్కడ తల్లులు పడే బాధలో చాలాభాగం లెక్క తెలియక పడేది. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు పుట్టినప్పటికి మూడింతలవుతుంది. రెండేళ్లు దాటాక ఏడాదికి పెరిగేది సుమారు 2 కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది. దానికి తోడు రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త రుచి అంటేనే భయపడే దశ ఒకటి ఉంటుంది. నిన్న ఇష్టంగా తిన్నదాన్ని ఇవాళ ఎరగనట్టు చూస్తాడు. కొత్త పదార్థం పిల్లల నాలుకకు అలవాటు పడాలంటే చాలాసార్లు, తరచుగా ఎనిమిది నుంచి పదిహేను సార్లు, కంచంలో కనిపించాలి. మనం రెండోసారికే "వీడికిది పడదు" అని తీర్పు ఇచ్చేస్తాం.

అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పని విభజన నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికొచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి పెద్దవాళ్ల నిర్ణయాలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లవాడిది. మీ ఇంట్లో ఈ రెండూ తారుమారయ్యాయి: ఎక్కడ, ఎప్పుడు అన్నది వాడు నిర్ణయిస్తున్నాడు (మీరు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నానన్నారు), ఎంత అన్నది మీరు నిర్ణయిస్తున్నారు. తిరగేయండి. కూర్చునే చోటే భోజనం, ఇరవై ముప్పై నిమిషాలు, తర్వాత కంచం తీసేయడం, కోపం లేకుండా. తరువాతి పూట దాకా మధ్యలో తినుబండారాలతో నింపకండి. మొదటి వారం మీకు నరకమే. పిల్లవాడికి కాదు, మీకే. బరువు తగ్గుతున్నా, నీరసంగా ఉన్నా, మింగడానికి ఇబ్బంది పడుతున్నా ఈ ఉపాయాలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఇద్దరికీ గుండ్రటి, గట్టి పదార్థాలు మొత్తంగా ఇవ్వకండి: గింజలు, గట్టి మిఠాయి, ద్రాక్ష లాంటివి గొంతులో అడ్డుపడతాయి. ద్రాక్షనైతే నిలువుగా నాలుగు ముక్కలు కోసి ఇవ్వాలి. పాపకు ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు, ఎవరు ప్రేమగా నాకించబోయినా సరే.

నిద్ర గురించి ఒకే మాట: అలసిపోయిన పిల్లవాడు మత్తుగా ఉండడు, రెచ్చిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం పగటి కునుకుతో కలిపి మూడు, నాలుగేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు, పాప వయసుకు 12 నుంచి 16 గంటలు కావాలి. బాబు మధ్యాహ్నం నిద్ర మానేశాడని రాశారు. సాయంత్రం ఆరింటి కథలో సగం అక్కడే ఉందని నా అనుమానం. నిద్రపోకపోయినా మధ్యాహ్నం ముప్పావు గంట మసక వెలుతురులో, పుస్తకాలతో, మంచం మీద. రాత్రి పడక అరగంటో ముప్పావు గంటో ముందుకు జరపండి. పాప ఈమధ్య మీరు గది దాటితే చాలు ఏడుస్తోందన్నది జబ్బు కాదు, చెడ్డ అలవాటు అంతకన్నా కాదు. కంటికి కనిపించని మనిషి కూడా ఎక్కడో ఉందని ఆమెకు ఇప్పుడే తెలిసింది, ఎప్పుడు తిరిగొస్తుందో ఇంకా తెలియలేదు. చాటుగా జారుకోకండి, చెప్పి వెళ్లండి. దుప్పటి చాటున దాక్కుని "బూ" అనే ఆట ఈ వయసులో అంత నవ్వు తెప్పించడానికి కారణం ఆ భయమే.

ఫోను, టీవీ గురించి సిగ్గుపడుతూ రాశారు. అదే సంస్థ ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని, అంతకన్నా తగ్గితే మేలని అంటుంది. నా అభిప్రాయం వేరే ఏమీ కాదు కానీ, పొయ్యి మీద మరుగుతున్న గిన్నె, కాళ్ల దగ్గర ఇద్దరు పిల్లలు ఉన్నప్పుడు బాబును ఇరవై నిమిషాలు టీవీ ముందు కూర్చోబెట్టడం పాపం కాదు. పాప కాలి కింద ఉండి వేడినీళ్లు ఒలికితే అది ప్రమాదం. నేను పెట్టుకున్న నియమాలు రెండే. తెర రోజూ ఒకే సమయానికి రావాలి, అడిగితే వచ్చేది కాకూడదు. ఏడుపు ఆపడానికి, భోజనం తినిపించడానికి, నిద్రపుచ్చడానికి దాన్ని వాడకూడదు. ఏడుపుకు మందుగా ఒకసారి దొరికిన వస్తువు కోసం ఏడుపు రోజూ వస్తుంది.

ప్రమాదాల మాట వచ్చింది కాబట్టి, పాప నిలబడటానికి ముందే ఇల్లంతా ఒకసారి మోకాళ్ల మీద తిరిగి చూడండి. నీళ్ల బకెట్టు ఖాళీగా, బోర్లించి ఉండాలి. బిడ్డ మునిగిపోవడానికి కొద్ది అంగుళాల నీరు చాలు, శబ్దం కూడా రాదు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే బిళ్లలాంటి బ్యాటరీలు గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. మింగిందన్న అనుమానం చాలు, వెంటనే ఆసుపత్రికి. మందులు తాళం కింద, వేడి పానీయం బల్ల అంచుకు దూరంగా, బల్లమీద వేలాడే గుడ్డ ఉండకూడదు. ఇక్కడ నేను ఏ మినహాయింపూ ఇవ్వను.

సంతోషాల గురించి మీరు ఒకే వాక్యం రాశారు: "వాళ్లు నవ్వితే అన్నీ మరచిపోతాను." అది నాకు బాగా తెలుసు. కానీ మరచిపోవడమే కాదు, పట్టి ఉంచుకోవడం కూడా చేయాలి. ఈ వయసు మాటలు వచ్చిన దారినే పోతాయి. "నిన్న" అంటే వాళ్లకు గడిచిపోయిన కాలమంతా, "రేపు" అంటే రాబోయే కాలమంతా. మా అమ్మాయి "నిన్న నేను పెద్దయ్యాక" అని మొదలుపెట్టి ఒక పూర్తి కథ చెప్పింది. "నేను వచ్చాడు" అంటారు, ఒకటి, రెండు తర్వాత ఐదు లెక్కపెడతారు, తమ నీడను తొక్కబోయి ఎందుకు కుదరలేదో అడుగుతారు. ఆ తప్పులు తప్పులు కావు. ఎవరూ చెప్పకుండానే భాష నియమాలను వాళ్లంతట వాళ్లు కట్టుకుంటున్న చప్పుడు అది. సరిదిద్దకండి, సరైన రూపంలో తిరిగి పలకండి చాలు. పక్కన ఒక పాత నోటుపుస్తకం పెట్టుకుని రోజుకు ఒక్క వాక్యం రాయండి, తేదీతో. మావి రెండు పుస్తకాలు ఉన్నాయి. అందులో "ఇవాళ చీమ బరువు మోస్తోందని గంటసేపు కదలలేదు, స్నానం లేదు" అని రాసిన రోజు నేను ఎంత విసుక్కున్నానో నాకు గుర్తులేదు, చీమ మాత్రం ఉంది.

ఇంకో సంతోషం మీ ఇంట్లో జరుగుతూనే ఉండాలి, మీరు అలసటలో చూసి ఉండకపోవచ్చు. పాప ఎవరికి ఎక్కువగా నవ్వుతుందో చూడండి. మీకు కాదు, వాడికే అయి ఉంటుంది. ఆ నవ్వును వాడికి చెప్పండి: "నువ్వు గెంతితేనే చెల్లి అలా నవ్వుతుంది, నేను గెంతితే నవ్వదు." కొరికేవాడికి అంతకంటే మంచి ఉద్యోగం మీరు ఇవ్వలేరు.

ఇప్పుడు మీ గురించి. మీవారు "సాయం చేస్తారు" అని రాశారు. ఆ మాట దగ్గర ఆగాను. సాయం అంటే పని మీది, ఆయన మధ్యలో ఒక చేయి వేస్తారు, ఏం చేయాలో మీరే గుర్తుపెట్టుకుని చెప్పాలి. చెప్పడం కూడా పనే, కొన్నిసార్లు చేయడం కంటే పెద్ద పని. ఏదో ఒక భాగం మొత్తంగా ఆయనకు అప్పగించండి. ఉదాహరణకు రాత్రి స్నానం నుంచి నిద్ర దాకా: తువాలు ఎక్కడుంది, ఏ కథ, నీళ్ల సీసా నింపామా, అన్నీ. మొదటి వారం ఆయన చొక్కా తిరగేసి వేస్తారు. వేయనివ్వండి. మీరు ఆ సమయంలో గిన్నెలు తోమకండి, దయచేసి. కూర్చోండి.

చేయి లేస్తుందేమో అనిపించిన క్షణంలో పాపను చుట్టూ కటకటాలున్న మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, బాబు దగ్గర ప్రమాదమేదీ లేదని చూసుకుని, రెండు నిమిషాలు పక్కగదికి వెళ్లండి. ఆ రెండు నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. పసిబిడ్డను కోపంలో పట్టి కుదిపితే మెదడులో రక్తస్రావం కావచ్చు, ప్రాణం మీదికే వస్తుంది. ఇది మీతో పాటు బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

ఒక విషయం సూటిగా అడుగుతాను. మీ ఏడుపు రాత్రికే పరిమితమా, రోజంతా ఉందా? పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టడం లేదా? ఇష్టమైనవేవీ రుచించకుండా రెండు వారాలు దాటిందా? వాళ్లకో మీకో ఏమైనా చేసుకుంటానేమో అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? కాన్పు తర్వాత కుంగుబాటు పదిమందిలో ఒకరికి పైగానే వస్తుంది, మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలుకావచ్చు. పది నెలలైంది కదా, ఇంకేం వస్తుంది అనుకోకండి. వీటిలో ఏదైనా అవునంటే నా సలహాలు పక్కనపెట్టి ఈ వారమే డాక్టరును కలవండి. చివరి ప్రశ్నకు జవాబు అవునైతే ఇవాళే ఇంట్లో చెప్పి, ఒంటరిగా ఉండకుండా, వెళ్లండి. దీనికి వైద్యం ఉంది, బాగవుతుంది.

బాబు మాటల గురించి అడిగారు. మూడేళ్లకు కొత్తవాళ్లకు కూడా అతని మాటలు చాలావరకు అర్థం కావాలి. రెండేళ్లు దాటినా రెండు పదాలు కలపకపోతే, పేరు పిలిస్తే తిరగకపోతే, వచ్చిన మాటలు పోతుంటే, ముందు చెవులు పరీక్ష చేయించాలి. మీరు రాసిన వాక్యాలను బట్టి ("అమ్మ చెల్లినే ఎత్తుకుంటుంది" అన్నాడుగా) మాటల విషయంలో నాకు కంగారు కనిపించలేదు. పక్క తడిపే విషయం కూడా అంతే. పగలు తడుపుకోవడం మానేసిన పిల్లలు కూడా రాత్రుళ్లు ఐదారేళ్ల దాకా తడుపుతూ ఉండటం మామూలే.

వీటన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం రెండే: వాడితో పది నిమిషాలు, మధ్యాహ్నం మసక గది. దాంతోపాటు ఒక కాగితం మీద ఐదు రోజులు రాసిపెట్టండి, పెద్ద ఏడుపు ఎన్నింటికి వచ్చింది, దానికి ముందు ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు లేచాడు, ఆ సమయంలో పాప ఎవరి చేతిలో ఉంది. ఆ కాగితం చూసి మళ్లీ నాకు రాయండి. ఆరు గంటల సంగతి అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్పగలను.